ముప్పై ఎనిమిదో ఏట ఆగిపోయిన నాలుక

జూలై 8, సోమవారం

ఇబు ఇంగ్రిడ్ తన పుస్తకంలో నా గురించి రెండు వాక్యాలు రాసింది. అచ్చయి ముప్పై ఏళ్ళయింది. ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"ఇతని రెండో భాష ముప్పై ఎనిమిదో ఏట ఆగిపోయింది. తెలిసిన వస్తువుకు సైతం మాట దొరకక నిమిషాల తరబడి మౌనంగా ఉండిపోతాడు."

పేరు వెయ్యలేదు. మిస్టర్ టి అని వేసింది. మా ఊళ్ళో మా తారిగాన్ వంశం ఇళ్ళు నలభై ఉన్నాయి. కానీ నార్వే నుంచి తెల్లావిడ టేప్ రికార్డర్ మోసుకుంటూ రెండేళ్ళపాటు నెలనెలా వచ్చిన ఇల్లు ఒక్కటే. ఇక పేరెందుకు.

ఆ పుస్తకాన్ని తెంపెల్ మాస్టారు మేడాన్ పట్నం నుంచి తెచ్చి కాఫీ కొట్టులో పైకి చదివాడు. ఇంగ్లీషులో ఒక ముక్క, మా కారో భాషలో ఒక ముక్క. నేను చదరంగం ఆడుతున్నాను. గుర్రం పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎవడో వెనకనుంచి, "చెయ్యి కూడా ఆగిపోయిందిరోయ్," అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు ఆగిపోయినాయన.

ఆ ఏడే కూరగాయల వర్తకుల సంఘానికి పెద్దను ఎన్నుకోవాలి. అందరూ నా పేరే అనుకున్నారు. పుస్తకం వచ్చాక, "నాలుక ఆగినవాడు మేడాన్ ఆఫీసర్లతో ఏం మాట్లాడతాడు," అన్నారు. తెంపెల్ మాస్టారు పెద్ద అయ్యాడు. పదకొండేళ్ళు ఉన్నాడు. బడిపంతులికి క్యాబేజీ గురించి ఏం తెలుసు.

నేను ఇండోనేషియా భాష లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్ళు. అంతకుముందు కారో తప్ప ఇంకోటి రాదు. బడి లేదు, పలక లేదు. అక్షరాలు కూడా పెళ్ళయ్యాక సాయంత్రం క్లాసుల్లో నేర్చినవే. అయినా మాటల్లో నన్ను మోసం చేసిన లారీవాడు ఇంతవరకు లేడు.

నాకు పట్టింపు లేదు. ముప్పై ఏళ్ళుగా లేదు.

ఇవాళ ఒకమ్మాయి వచ్చింది. మేడాన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారట. పాత టేపులన్నీ తన దగ్గర ఉన్నాయట. పొమ్మన్నాను. పొద్దు వాలినా వంటింట్లో మా ఆవిడతో కాఫీ తాగుతూ కూర్చునే ఉంది.

జూలై 9

ఆ అమ్మాయి పేరు విర్దా. మినాంగ్ జాతి పిల్ల, మా కారో వాళ్ళు కాదు. నన్ను బులాంగ్ అని పిలుస్తోంది, నా మనవలు పిలిచినట్టే. ఎవరు నేర్పారో.

పూల అట్ట ఉన్న నోటు పుస్తకం ఇచ్చింది. రోజూ నాలుగు మాటలు ఇండోనేషియాలో రాయాలట. మనిషి రెండో భాష ఎలా వాడుతున్నాడో ఇలా రాయించి కూడా చూస్తారట. మా ఆవిడ సరేనని ఆమె చేతిలోంచి తీసుకుంది. నేను ఒప్పుకోలేదు.

పూల పుస్తకంలో రాసింది: తిన్నాను. వాన.

ఇది వేరే పుస్తకం. నేనే కొనుక్కున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

జూలై 12

విర్దా సంగతంతా సరిగ్గా చెప్పింది. ఇబు ఇంగ్రిడ్ బతికే ఉంది. ఎనభై ఒకటి. విమానం ఎక్కే ఓపిక లేదు. మళ్ళీ అచ్చయ్యే పుస్తకంలో 'ముప్పై అయిదేళ్ళ తర్వాత' అని చివర ఒక అధ్యాయం వేస్తారట. అందుకు ఈ పిల్ల నా మాట మళ్ళీ రికార్డు చేసి పంపాలి. సెప్టెంబరు పదికి ప్రెస్సుకు పోతుంది.

"ఆ రెండు వాక్యాలు?" అన్నాను.

"అవి ఉంటాయి బులాంగ్. తప్పని తేలితే తప్ప."

"తప్పే."

"అది మీరనడం కాదు, నేను చూపించాలి. లేకపోతే ఒప్పుకోరు."

అప్పట్లో ఇబు ఇంగ్రిడ్ చూపించి కథ చెప్పమన్న ఆరు బొమ్మలే సంచిలోంచి తీసింది. చెక్క వంతెన, ముసలావిడ, గాలి, ఒక కుర్రాడు.

"గుర్తున్నాయా?"

"ఉన్నాయి. తీసెయ్."

"ఒక్కసారి చూసి కథ చెప్పండి చాలు."

"కథలు చెప్పేవాళ్ళు కాఫీ కొట్టు నిండా ఉన్నారు. పోయి అడుగు."

"వాళ్ళ పాత టేపులు నా దగ్గర లేవు కదా."

"అది వాళ్ళ అదృష్టం."

నవ్వింది. నేను నవ్వలేదు. మా లిస్నా తల్లి కాబట్టి ఊరంతా నాండే లిస్నా అనే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఈయన చంటిపిల్లాడప్పుడూ ఇంతేనట, బొమ్మ చూపిస్తే మొహం తిప్పేసేవాడట," అంది. మా అమ్మ ఆమెకు అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు.

జూలై 15

క్యారెట్ కడిగించాను. విర్దా రాలేదు. ఎదురు చూడలేదు.

జూలై 19

టేపు విన్నాను. మూడోది. ఫోనులో వేసింది.

ఆ గొంతు నాదే. ఇప్పటికంటే సన్నం. ఇబు ఇంగ్రిడ్ అడుగుతోంది, నాలుగో బొమ్మలో ఏముంది అని. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం సాగుతూనే ఉంది. ఎక్కడో టక్ టక్ మని చప్పుడు. విర్దా ఫోను వైపే చూస్తోంది. రెండు నిమిషాల పది సెకన్లట. ఆ తర్వాత నేను "తెలియదు" అన్నాను.

నాకు తెలుసు ఆ బొమ్మలో ఏముందో. అప్పుడూ తెలుసు.

లేచి తోటకు పోయాను.

జూలై 20

పూల పుస్తకంలో ఏమీ రాయలేదు.

జూలై 22

ఒక సంగతి ఇక్కడ రాసుకుంటాను. పుస్తకం వచ్చినప్పటి నుంచి నేను మీటింగుల్లో ఇండోనేషియా భాష మాట్లాడలేదు. లారీవాళ్ళతో మాట్లాడతాను, బస్సులో మాట్లాడతాను. నలుగురు కూర్చున్న చోట మాట్లాడను. ఆఫీసరు వస్తే నాండే లిస్నా మాట్లాడుతుంది. నేను గొంతు నొప్పి అంటాను. ముప్పై ఏళ్ళ గొంతు నొప్పి.

ఆ రెండు నిమిషాలూ ఎందుకు నోరు మూసుకున్నానో గుర్తు రావడం లేదు. గదిలో నేనూ ఇబు ఇంగ్రిడూ ఇద్దరమే. నాండే లిస్నా తోటలో ఉండేది. భయమా అంటే ఆవిడంటే నాకు భయం లేదు, నా చేతి కాఫీ తాగి మూతి ముడుచుకునే మనిషి. మరెందుకు.

పుస్తకంలో ఉన్నది నిజమే అయితే.

జూలై 23

నిజం కాదు.

జూలై 26

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

విర్దా వంటింట్లో కూర్చుని చెవులకు తగిలించుకునేవి పెట్టుకుని టేపులు వింటూ కాగితం మీద గీతలు గీస్తోంది. నాండే లిస్నా చిక్కుళ్ళు ఒలుస్తోంది. "అందులో మా ఆయన ఏం కూస్తున్నాడు, నన్నూ విననియ్యి," అంది. ఆ పిల్ల తీగ పీకేసి ఫోను మధ్యలో పెట్టింది. నేను గుమ్మం బయట గొడ్డలి నూరుతున్నాను. వినడానికి కాదు.

మూడో టేపు. నాలుగో బొమ్మ. మౌనం.

నాండే లిస్నా చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "మళ్ళీ వెయ్యి," అంది. మళ్ళీ వేసింది. "ఇంకోసారి."

"ఏమైంది అమ్మమ్మా?" అంది విర్దా.

"ఆ టక్ టక్."

"అదా, బయటి చప్పుడు. ఇబు ఇంగ్రిడ్ కూడా అలాగే రాసుకున్నారు."

"బయటిది కాదే. మా అమ్మది. పళ్ళు లేవు ఆవిడకి, వక్కాకు ఇత్తడి గొట్టంలో వేసి దంచుకునేది. రెండు పోట్లు గట్టిగా, మూడోది మెల్లగా. ఆ చప్పుడు మళ్ళీ వింటాననుకోలేదు." తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ఏవయ్యా బాపా లిస్నా, మా అమ్మ గదిలో ఉందా?"

గొడ్డలి కింద పెట్టాను.

ఉంది. ప్రతిసారీ ఉంది. ఆ మాట చెప్పే మెషీను చూడ్డానికని చాప తెచ్చుకుని దీపం పక్కన కూర్చునేది. నేను ఇద్దరమే అని రాశాను, అబద్ధం రాయలేదు. అత్తకూ అల్లుడికీ రెబు. నేను ఆమెతో మాట్లాడకూడదు, ఆమె నాతో మాట్లాడకూడదు, ఒకరి ఎదుట ఒకరం సిగ్గు మాట ఎత్తకూడదు. అలాంటి మనిషి గదిలో ఉన్నా లెక్కలోకి రాదు. పెళ్ళయిన నాటి నుంచి నేను అలాగే లెక్కపెడుతున్నాను.

"నాలుగో బొమ్మ ఏదమ్మా, ఇటివ్వు," అంది నాండే లిస్నా. చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి.

బొమ్మలో వంతెన మేకుకు తగులుకుని ముసలావిడ కట్టుబట్ట జారిపోతుంది. కుర్రాడు ఆవిడను ఎత్తుకుని దాటిస్తాడు.

"ఇది మా అమ్మ ముందు ఈయన్ని చెప్పమందా ఆ మహాతల్లి?" అంది నాండే లిస్నా. "ముసలావిడ బట్ట ఊడింది, అల్లుడు వయసువాడు ఎత్తుకున్నాడు అని? మా అమ్మ ముందు? ఈయన రెండు నిమిషాలేం ఖర్మ, రెండు రోజులైనా నోరు తెరవడు."

విర్దాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మా వైపు అల్లుడు అత్తగారింట్లోనే ఉంటాడు బులాంగ్. ఇలాంటిది ఉంటుందని నాకెలా తెలుస్తుంది?"

"అక్కడ అత్తాఅల్లుళ్ళు మాట్లాడుకుంటారా?"

"మా అమ్మ మాట్లాడుతుంది. మా బావ వింటాడు."

"అదీ ఒక రకం రెబూనే," అన్నాను.

ఆ పిల్ల గబగబా కాగితాలు తిరగేసింది. ఇబు ఇంగ్రిడ్ రాసుకున్న నోట్సు. ఒకచోట ఇలా ఉంది: 'మధ్యలో సొంత భాషలోకి జారి దీపంతో మాట్లాడాడు. అడిగిన దానితో సంబంధం లేదు.' ఆ ముక్క వేసింది. నా గొంతు, కారోలో: "ఓ దీపమా, ఈవిడ బిస్కెట్లు తెచ్చింది, తీసుకోమని అత్తతో చెప్పు."

కాసేపటికి ఇంకో గొంతు. బొంగురుగా, పళ్ళు లేని నోటితో: "దీపమా, మెత్తగా ఉంటేనే తింటానని అల్లుడితో చెప్పు."

నాండే లిస్నా చిక్కుళ్ళ గంప పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు బులాంగ్?" అంది విర్దా.

"చెప్పాలంటే అత్త ఎదుటే చెప్పాలి కదా."

జూలై 27

దీపం ముక్క మళ్ళీ వేయించుకున్నాను. లెక్క సరిచూడ్డానికి. అయిదుసార్లు వేసింది.

జూలై 28

రాత్రి బాగా నిద్ర పట్టింది.

ఆగస్టు 2

విర్దా లెక్క తెచ్చింది. మిగిలిన టేపులు పందొమ్మిది. పదమూడింట్లో దంచే చప్పుడు ఉంది, ఆరింట్లో లేదు. చప్పుడు లేని ఆరింట్లో నేను ఎక్కడా నాలుగు సెకన్లకు మించి ఆగలేదు. చప్పుడు ఉన్న వాటిలో పెద్ద మౌనాలన్నీ బట్టలు, ఒళ్ళు, పెళ్ళి, పురుడు అడిగిన చోటే. వక్కాకు చప్పుడు ఉండీ గలగలా మాట్లాడిన టేపు ఒక్కటే, పదకొండోది. అందులో సగంలో దంచడం ఆగి గురక మొదలైంది. అక్కడి నుంచి నేను బింజాయ్ లారీవాడి సంగతి ఇరవై నిమిషాలు చెప్పాను, వాడి పెళ్ళాంతో సహా.

"అయితే ఆ పుస్తకం తప్పు," అన్నాను.

ఆ పిల్ల కాగితాలు సర్దుకుంది. నీళ్ళు నమలలేదు. ఆ గుణం నాకు నచ్చింది.

"రెండో వాక్యం తప్పు బులాంగ్. మొదటిది తప్పని నేను చెప్పలేను."

"ఏంటీ?"

"అప్పుడు మీరు మాటలు కట్టే తీరు, ఇప్పుడు కట్టే తీరు పక్కపక్కన పెట్టి చూశాను. సంతలో నేర్చుకున్నవి గట్టిగా నిలబడ్డాయి. అప్పుడు వదిలేసినవి ఇప్పుడూ వదిలేస్తున్నారు. ముప్పై అయిదేళ్ళలో పెద్ద తేడా లేదు."

"దాని వల్ల ఎవడైనా నా క్యాబేజీ కొనడం మానేశాడా?"

"లేదు."

"అర్థం కాలేదన్నాడా?"

"లేదు. అదే అసలు సంగతి. పని జరుగుతుంటే చాలామంది అక్కడే ఆగుతారు. నా ఇంగ్లీషూ ఎప్పుడో ఆగింది. మా ప్రొఫెసరుది ఇంకా ముందే ఆగింది."

"ఆయనకు చెప్పావా?"

"నాకు ఉద్యోగం కావాలి బులాంగ్."

ఈ మాట ముప్పై ఏళ్ళ కిందట కాఫీ కొట్టులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆగిందంటే చచ్చిందనుకున్నాను. మా బావి కూడా ఒక మట్టం దగ్గర ఆగింది. ఊరంతా తోడుకుంటోంది.

తర్వాత బొమ్మలు నేనే అడిగి తీసుకున్నాను. ఆరూ చెప్పాను. నాలుగోది కూడా. అత్త పోయి ఇరవై రెండేళ్ళు. అయినా ఆమె కూర్చునే వైపు వీపు పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పాను. నాండే లిస్నా పక్క గదిలోంచి, "గట్టిగా చెప్పవయ్యా, వినేవాళ్ళు లేరు," అంది.

ఆగస్టు 9

వ్యవసాయ ఆఫీసరు వచ్చాడు. సంఘం షెడ్డులో మీటింగు. అగ్నిపర్వతం బూడిద పడి పాడైన పంటకు విత్తనాలు ఇస్తామన్నారు, ఎవరికి ఎంత అని. నాండే లిస్నా లేవబోయింది. కూర్చోమన్నాను.

మాట్లాడాను. ఇండోనేషియాలో. చాలాసేపు. వెనక ఎవడో దగ్గాడు, ఆపలేదు. ఆఫీసరు రాసుకున్నాడు. ఒక చోట మాట తట్టలేదు, దాని చుట్టూ తిరిగి ఇంకోలా చెప్పాను. కొంపలేం మునగలేదు.

బయటికి వచ్చాక తెంపెల్ మాస్టారు కర్ర పొడుచుకుంటూ నా వెనకే వచ్చాడు. ఎనభై దాటాయి. "ఆగిపోయినాయన బయల్దేరాడే," అన్నాడు.

"మాస్టారూ, ఆ రోజు పుస్తకం చదివినప్పుడు నీకు నమ్మకమేనా?"

"నమ్మకం దేనికి. ఎన్నికలు దగ్గర పడ్డాయి, చదివాను," అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "పదకొండేళ్ళూ ఆ ఆఫీసర్లతో మాట్లాడలేక చచ్చాను. నా ఇండోనేషియా బడి పుస్తకం భాష. వాళ్ళు నవ్వేవాళ్ళు," అన్నాడు.

కాఫీ ఆయనే ఇప్పించాడు. ఆటలో నేను గెలిచాను.

ఆగస్టు 10

పూల పుస్తకంలో రెండు పేజీలు రాశాను. విర్దా వద్దన్నా ఆపడం లేదని నాండే లిస్నా అంటోంది. విర్దా వద్దనలేదు.

ఆగస్టు 23

ఇబు ఇంగ్రిడ్ జవాబు వచ్చింది. విర్దా చదివి కారోలో కాదు, ఇండోనేషియాలో చెప్పింది. నేనే అలా చెప్పమన్నాను.

లెక్కలన్నీ చూసిందట. ఒప్పుకుందట. దీపం పక్కన ఒక ముసలావిడ కూర్చోవడం గుర్తుందట. మెషీను చూడ్డానికి వచ్చిందనుకుందట. అది నిజమే కదా. మిస్టర్ టికి ఇబ్బంది కలిగినందుకు విచారంగా ఉందట. అయితే పాత పుస్తకంలో వాక్యాలు కదిపితే చాలా పేజీలు కదపాలట. అందుకని ఆ రెండూ అలాగే ఉంచి, పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేస్తుందట. సమ్మతమేనా అని అడిగింది.

"మంచి మనిషేనే," అంది నాండే లిస్నా.

మంచి మనిషే. ఆవిడ మీద ఇన్నేళ్ళుగా ఉన్న కోపం ఎక్కడ పెట్టానో వెతికితే పెద్దగా దొరకలేదు. కానీ చివరి చిన్న అక్షరాలు ఎవడు చదువుతాడు. తెంపెల్ మాస్టారు చదివాడా.

ఆగస్టు 24, శనివారం

ఉత్తరం ఇక్కడే ఇండోనేషియాలో రాసుకుని సరిచూసుకుంటున్నాను. రేపు పొద్దున్నే శుభ్రంగా ఎక్కించి విర్దాకు ఇస్తాను. తప్పులు దిద్దవద్దని చెప్పాను. నా మాట ఎలా ఉంటుందో అలాగే వెళ్ళాలి.

ఇబు ఇంగ్రిడ్‌కు,

మీ ఉత్తరం అందింది. మీ ఆరోగ్యం బాగుండాలి. ఇక్కడ మేము బాగున్నాము. నేను చాలా బాగున్నాను.

మీ మొదటి వాక్యం ఉండనివ్వండి. నా భాష ముప్పై ఎనిమిదో ఏట ఆగింది. విర్దా చూపించింది, నేను ఒప్పుకున్నాను. ఆగిన చోట నాకు సరిపోయింది. దాంతో పిల్లల్ని పెంచాను, లారీలు నింపాను, మొన్న ఆఫీసరుతో వాదించి మా ఊరికి విత్తనాలు తెచ్చాను.

రెండో వాక్యం తీసెయ్యాలి. చివర గమనిక వద్దు. ఆ వాక్యం ఉన్న చోటే, అంతే పెద్ద అక్షరాల్లో ఇది వెయ్యాలి: 'గదిలో ఇతని అత్తగారు ఉన్నారు. ఆమె ఎదుట అనకూడని మాటలు ఇతను అనలేదు.' ఎక్కువ పేజీలు కదపక్కర్లేదు. నేను లెక్కపెట్టాను, మీ వాక్యానికీ దీనికీ చోటు దాదాపు ఒకటే పడుతుంది.

మిస్టర్ టి అని కాకుండా నా పేరు వెయ్యండి. రాకుత్త తారిగాన్. మా అత్తగారి పేరు నేను పలకకూడదు, రాయకూడదు. నా భార్య వేరే కాగితం మీద రాసి జత చేసింది. ఆమె పేరు కూడా వెయ్యండి. మీ టేపుల్లో ఆమె చాలా పని చేసింది.

మీకు వయసు మళ్ళింది, నాకూ మళ్ళింది. ఆలోచించి చెప్తాను అంటే కుదరదు. పదో తేదీకి పుస్తకం ప్రెస్సుకు పోతుందని నాకు తెలుసు. సెప్టెంబరు 6, శుక్రవారం, మా సంత రోజు. ఆ రోజు మధ్యాహ్నంలోగా వేస్తారో వెయ్యరో ఒక్క మాటలో జవాబు నాకు అందాలి.